సాంకేతిక మంజూరుకు ముందు ఒక వారం: ఇంజనీర్-ఇన్-చీఫ్‌లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నీటిపారుదల శాఖల, రోడ్లు భవనాల శాఖల ఇంజనీర్-ఇన్-చీఫ్ గార్లకు గౌరవపూర్వకంగా,

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక పెద్ద నిర్మాణం కాగితం మీద నడిచే దారి దాదాపు ఒకటే. సమగ్ర ప్రాజెక్టు నివేదిక, అంటే డీపీఆర్, తయారవుతుంది. దానిమీద ప్రభుత్వం పరిపాలనా ఆమోదం ఇస్తుంది. అంచనాలు ఏఈఈ, డీఈఈ, ఈఈ, ఎస్ఈ స్థాయి ఇంజనీర్ల చేతులు దాటి పై స్థాయికి చేరి సాంకేతిక మంజూరు పొందుతాయి. ఆ తర్వాత టెండరు పిలుస్తారు. ఈ దారి పొడవునా ధరను తనిఖీ చేసే చోట్లకు కొదవ లేదు. కంకర ఎన్ని కిలోమీటర్ల దూరం నుంచి వస్తుందో లీడ్ స్టేట్‌మెంటులో చూస్తారు, ప్రతి అంశానికీ ఎస్సెస్సార్, అంటే ప్రామాణిక ధరల పట్టిక, ప్రకారం ధర సరిగా వేశారో లేదో చూస్తారు, పరిమాణాల లెక్కను మరొకరు సరిచూస్తారు. అయితే ఆ కంకర, ఆ కాంక్రీటు, ఆ గోడ ఏ ప్రయోజనం నెరవేర్చడానికి అక్కడ ఉండాలి, ఆ ప్రయోజనం నిర్మాణపు జీవితకాలమంతా లెక్కించినప్పుడు తక్కువయ్యే ఖర్చుతో మరో విధంగా నెరవేరుతుందా అన్న ప్రశ్నను, అంచనా తయారుచేసినవారు కాని ఇంజనీర్లు కూర్చుని అడగడానికి మాత్రం ఆ దారిలో విడిగా ఒక మజిలీ లేదు. ఆ మజిలీని సాంకేతిక మంజూరుకు ముందు ఏర్పాటు చేయాలని కోరడమే ఈ లేఖ ఉద్దేశం.

ఈ ప్రశ్నను పద్ధతిగా అడిగే విద్యకు వాల్యూ ఇంజనీరింగ్ అని పేరు. 1947లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తున్న లారెన్స్ మైల్స్ దానికి రూపం ఇచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఉక్కు, రాగి, నికెల్ వంటి పదార్థాలు దొరకక, వాటికి బదులు వేరే పదార్థాలతో వస్తువులు తయారుచేయవలసి వచ్చినప్పుడు, అలా మార్చిన వస్తువుల్లో కొన్ని పాతవాటికంటే చవకగానూ మెరుగ్గానూ ఉన్నాయన్న గమనిక ఆ పద్ధతికి పునాది. మైల్స్ తరచు ప్రస్తావించిన ఉదంతం ఒకటి తమ శాఖలకు నేరుగా వర్తిస్తుంది. కర్మాగారంలో రంగులో ముంచిన భాగాల నుంచి చుక్కలు కారే చోట నేలమీద ఆస్బెస్టాస్ పరవాలని నియమం ఉండేది. అది దొరకడం కష్టమైనప్పుడు, సరఫరాదారు ఒకరు అది అక్కడ చేసే పని ఏమిటని అడిగి, నిప్పు అంటుకోకుండా చూడటమే అయితే మంటకు తట్టుకునే, మరింత చవకైన కాగితం ఉందని చూపించాడు. అగ్నిప్రమాదాల నివారణ సంఘం మాత్రం నియమంలో ఆస్బెస్టాస్ అని రాసి ఉందన్న కారణంతో మొదట దానికి ఒప్పుకోలేదు. నియమం రాసినవారు ప్రయోజనాన్ని రాయకుండా పదార్థాన్ని రాయడమే ఆ చిక్కుకు మూలం. నేటి స్పెసిఫికేషన్లలో అదే చిక్కు ఎన్ని పేజీల్లో దాగి ఉందో తమ డిజైన్ల విభాగాలకు తెలియనిది కాదు.

మైల్స్ పద్ధతిలో ప్రతి భాగపు ప్రయోజనాన్నీ ఒక నామవాచకం, ఒక క్రియతో చెప్పాలి: దూలం భారాన్ని మోస్తుంది, తూము నీటిని వదులుతుంది, లైనింగ్ ఊటను తగ్గిస్తుంది. ఏ పని కోసం ఆ భాగం పుట్టిందో అది ప్రధాన ప్రయోజనం. ఎంచుకున్న రూపకల్పన కారణంగా వచ్చి చేరేవి ఉప ప్రయోజనాలు. ప్రధాన ప్రయోజనాన్ని నమ్మకంగా నెరవేర్చగల అతి తక్కువ ఖర్చును కనిపెట్టి, అంచనాలోని ఖర్చుతో పోల్చి చూస్తే, ఎక్కువ డబ్బు ఎక్కడ ఉప ప్రయోజనాలకు పోతోందో బయటపడుతుంది. 1965లో చార్లెస్ బైథవే అనే ఇంజనీరు ఈ ప్రయోజనాలను ఒక పటంగా గీసే విధానం ప్రవేశపెట్టాడు. ఆ పటంలో ఎడమ నుంచి కుడికి చదివితే 'ఎలా' అన్న ప్రశ్నకు, కుడి నుంచి ఎడమకు చదివితే 'ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు రావాలి, రాకపోతే ఆ భాగం అక్కడ ఉండటానికి కారణం లేదన్నమాట. సమాచారం సేకరించడం, ప్రయోజనాలు విడదీయడం, విమర్శించకుండా ప్రత్యామ్నాయాలు పోగుచేయడం, వాటిని వడగట్టడం, నిలిచినవాటికి లెక్కలు కట్టి నివేదించడం అన్న దశలు దాదాపు ప్రపంచమంతటా ఒకే తీరుగా ఉన్నాయి. వాటికి సాధారణంగా 40 గంటలు, అంటే ఒక పని వారం, పడుతుంది.

1954లో అమెరికా నౌకాదళపు నౌకల విభాగం ఈ పద్ధతిని చేపట్టిన తర్వాత అది ప్రభుత్వ కాంట్రాక్టుల్లోకి, 1960ల్లో ఆల్ఫాన్స్ డెల్ ఐసోలా వంటివారి కృషితో భవన, రహదారి నిర్మాణాల్లోకి వచ్చింది. 1995లో చేసిన చట్టం ఆ దేశపు జాతీయ రహదారి వ్యవస్థలో 2.5 కోట్ల డాలర్లు దాటిన ప్రతి పనికీ ఈ అధ్యయనాన్ని తప్పనిసరి చేసింది. 2012లో ఆ హద్దును రహదారులకు 5 కోట్ల డాలర్లకు, వంతెనలకు 4 కోట్ల డాలర్లకు పెంచారు. భారతదేశానికీ ఇది కొత్త విషయం కాదు. భారతీయ వాల్యూ ఇంజనీరింగ్ సొసైటీ 1977లోనే ఏర్పడింది, కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ 2016లో రహదారి పనుల కోసం ఇటువంటి కార్యక్రమాన్ని ప్రకటించింది. తెలిసిన విద్యే, మంజూరు ప్రక్రియలో దానికి చోటు దక్కడమే మిగిలింది.

ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. రూపకల్పన సిద్ధమైన తర్వాత దాని భాగాలను పరిశీలించేది వాల్యూ ఇంజనీరింగ్. అంతకంటే ముందు, అసలు ఈ ప్రాజెక్టు ఎవరి కోసం, వారికి కావలసినదేమిటి, దానికి నిర్మాణమే మార్గమా అని వినియోగదారులతో సహా కూర్చుని తేల్చుకునేది విలువ నిర్వహణ. మొదటిది ఇంజనీర్లు గదిలో కూర్చుని చేయగలరు, రెండోదానికి గది సరిపోదు. కాలువ లైనింగునే తీసుకుంటే, మట్టి కాలువకు సిమెంటు కాంక్రీటు పొర వేసినప్పుడు ఊట తగ్గుతుంది, రాపిడి తగ్గి అదే కాలువలో ఎక్కువ నీరు పారుతుంది, చివరి ఆయకట్టుకు నీరు చేరే అవకాశం పెరుగుతుంది. అయితే అదే ఊట మీద కాలువ గట్టు వెంట వందల బావులు, బోర్లు బతుకుతుండవచ్చు. అక్కడ ఊటను నష్టంగా రాసిన అంచనా, ఒక రైతు నీటిని మరో రైతుకు మార్చడాన్ని నీటి ఆదాగా చూపిస్తుంది. భూగర్భజలం ఉప్పుగా ఉన్న డెల్టా చివరి భూముల్లోనూ, బావుల మీదే రెండో పంట పండే మెట్ట ఆయకట్టులోనూ లైనింగ్ విలువ ఒకటి కాదు. ఎస్సెస్సార్ పుస్తకంలో మాత్రం ఆ ఘనపు మీటరు కాంక్రీటును ఒకే వివరణతో, ఒకే లెక్కతో కొలుస్తారు. ఉమ్మడి రాష్ట్రం 1997లోనే సాగునీటి వ్యవస్థల నిర్వహణలో రైతుల భాగస్వామ్యానికి చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది కాబట్టి, ఈ ప్రశ్న అడగడానికి ఎవరిని పిలవాలో వెతుక్కోవలసిన పని కూడా లేదు.

ఈ ఆలోచన తమ శాఖల చరిత్రకు పరాయిది కాదని చెప్పడానికి నాగార్జునసాగర్ సాక్ష్యం చాలు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలిన ఆ ఆనకట్ట, అదే కాలంలో సట్లెజ్ నదిపై కాంక్రీటుతో లేచిన భాక్రాకు భిన్నంగా, సుమారు 125 మీటర్ల ఎత్తున రాతితో కట్టినది. అప్పటికి దేశంలో సిమెంటు కొరత ఉంది, భారీ యంత్రాలు దిగుమతి చేసుకోవడానికి విదేశీ మారకద్రవ్యం లేదు; రాయి నదీలోయలోనే ఉంది, రాయి మలిచే చేతులు, మోసే చేతులు వేల సంఖ్యలో పనికోసం ఎదురుచూస్తున్నాయి. తన బరువుతో నీటి తోపుడును నిలువరించడమే ఆనకట్ట ప్రధాన ప్రయోజనమైనప్పుడు, ఆ బరువు కాంక్రీటుదే కానక్కరలేదని గుర్తించిన నాటి ఇంజనీర్లు వాల్యూ ఇంజనీరింగ్ అన్న పేరు వాడలేదు గాని, దాని సారాన్ని సంపూర్ణంగా ఆచరించారు. ఆ నిర్ణయం ఆ కాలానికే చెల్లుతుందన్న సంగతి కూడా అంతే ముఖ్యం. నేడు అదే లోయలో అదే ఆనకట్ట కట్టవలసి వస్తే, రాతిపనివారు దొరకని, సిమెంటు సమృద్ధిగా ఉన్న, రోలర్లతో పొరలు పొరలుగా కాంక్రీటును దిమ్మిస వేసే పద్ధతి అందుబాటులో ఉన్న ఈ కాలంలో, రాతికట్టడం పోటీలో నిలవకపోవచ్చు. విలువ అనేది పదార్థంలో ఉండదు, ఆ పదార్థానికీ ఆ కాలపు కొరతలకూ మధ్య ఉంటుంది. పాత పనికి చేసిన అంచనాను తెరిచి, తేదీలు, ధరలు మార్చి కొత్త పనికి వాడుకునే అలవాటు శాఖకు ఎంత నష్టమో ఇందువల్లనే గ్రహించాలి; అందులో ధరలు మారతాయి గాని, వాటి వెనుక ఉన్న కొరతల లెక్క మారదు.

ఎత్తిపోతల పథకాల విషయంలో ఈ నష్టం అన్నిటికంటే పెద్దది గనుక అక్కడ కొంతసేపు ఆగాలి. దక్కన్ పీఠభూమి మీద ఉన్న తెలంగాణకూ, రాయలసీమకూ, ఉత్తరాంధ్ర మెట్టకూ నీరు నదిలో కింద ఉంది, పొలం పైన ఉంది, ఎత్తిపోయక తప్పదు. ఒక టీఎంసీ, అంటే 100 కోట్ల ఘనపు అడుగులు లేదా 2.83 కోట్ల ఘనపు మీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తుకు లేపడానికి భౌతికశాస్త్రం ప్రకారమే సుమారు 77 వేల యూనిట్ల విద్యుత్తు కావాలి. పంపు, మోటారు, ట్రాన్స్‌ఫార్మరు అన్నీ కలిపి 80 శాతం సామర్థ్యంతో నడుస్తాయనుకుంటే అది 96 వేల యూనిట్ల పైచిలుకు అవుతుంది. ఇప్పుడు ఒక ఉదాహరణ ఊహించాలి. 120 రోజుల వరద కాలంలో 8 టీఎంసీలను, 3 మీటర్ల వ్యాసం, 10 కిలోమీటర్ల పొడవు గల ఉక్కు పైపు గుండా తోడే పథకంలో నీటి వేగం సెకనుకు దాదాపు 3 మీటర్లు ఉంటుంది, పైపు గోడల రాపిడి వల్ల నష్టపోయే ఎత్తు, అంటే ఇంజనీర్లు హెడ్ లాస్ అనేది, 19 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. నది నుంచి జలాశయానికి ఉన్న అసలు ఎత్తుకు అదనంగా పంపులు ప్రతి ఏడూ ఈ లేని కొండను కూడా ఎక్కాలి.

ప్రవాహం మారనంతకాలం రాపిడి నష్టం వ్యాసపు అయిదో ఘాతానికి విలోమంగా మారుతుంది కాబట్టి, వ్యాసాన్ని 3.3 మీటర్లకు, అంటే పదో వంతు, పెంచితే ఆ 19 మీటర్లు సుమారు 12కు దిగుతుంది. ఏటా మిగిలే విద్యుత్తు 54 లక్షల యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే సుమారు 3.25 కోట్ల రూపాయలు. 30 ఏళ్లపాటు ఏటా వచ్చే ఆ మిగులును 8 శాతం వడ్డీతో నేటి విలువకు తెస్తే 36 కోట్ల పైన. అదే పీడనానికి పైపు మందం కూడా వ్యాసంతో పాటు పెరగాలి కనుక ఉక్కు బరువు 21 శాతం ఎక్కువవుతుంది. మొదటి అంచనాలో పైపు 120 కోట్లు అనుకుంటే అదనపు ఖర్చు 25 కోట్లు. అంటే అంచనా 25 కోట్లు పెరిగిన ఈ ప్రత్యామ్నాయమే, జీవితకాలపు లెక్కలో 11 కోట్లు చవక. పథకంలో ఏటా తోడే నీరు 5 టీఎంసీలే అయి, వేగం సెకనుకు 2 మీటర్లే ఉంటే ఫలితం పూర్తిగా తిరగబడుతుంది: మిగులు నేటి విలువ 10 కోట్లు దాటదు, పెద్ద పైపుకు పెట్టే అదనపు 25 కోట్లు తిరిగి రావు. అందువల్ల పెద్ద పైపు మంచిదన్నది ఇందులో నేర్చుకోవలసిన సంగతి కాదు. ఏటా ఎంత నీరు తోడతారు, యూనిట్ ధర ఎంత, వడ్డీ ఎంత అన్న మూడు అంకెల మీద నిర్ణయం అటూ ఇటూ మారుతున్నప్పుడు, ఆ అంకెలను బహిరంగంగా పెట్టి ప్రత్యామ్నాయాలను పోల్చిన కాగితం మంజూరు ఫైలులో ఉండి తీరాలన్నదే ఇందులోని సంగతి.

అటువంటి కాగితం సాధారణంగా ఎందుకు ఉండదో కూడా తమరు ఆలోచించాలి. పైపు ఖర్చు మూలధన పద్దులో పడుతుంది, అది టెండరులో కనిపిస్తుంది, దానిమీద పత్రికల్లో చర్చ జరుగుతుంది. విద్యుత్తు బిల్లు రెవెన్యూ పద్దులో, మరో ఏడాదిలో, మరో అధికారి హయాంలో, విద్యుత్ పంపిణీ సంస్థకు బకాయిగా పేరుకుంటుంది. కింది స్థాయి ఇంజనీరు అంచనా తగ్గించినందుకు మెప్పు పొందవచ్చు గాని, 30 ఏళ్ల బిల్లు తగ్గించడానికి అంచనా పెంచినందుకు సంజాయిషీ ఇవ్వవలసి వస్తుంది. రెండు పద్దులను ఒకే కాగితం మీదకు తెచ్చే అధికారం తమ స్థాయిలో తప్ప కిందెక్కడా లేదు.

ధర తగ్గించడమే విలువ పెంచడమని పొరబడితే ఏమవుతుందో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ చూపింది. 24 అంతస్తుల ఆ నివాస భవనానికి కొత్త బయటి తొడుగు వేసేటప్పుడు, మొదట అనుకున్న జింకు పలకలకు బదులు, మధ్యలో పాలిథిలీన్ ఉన్న అల్యూమినియం మిశ్రమ పలకలు వాడి సుమారు 3 లక్షల పౌండ్లు మిగిల్చారు. 2017 జూన్ 14న ఒక ఫ్లాటులో పుట్టిన మంట ఆ తొడుగు వెంట పైకి పాకి 72 మంది ప్రాణాలు తీసింది. ఆ మార్పును అప్పట్లో వాల్యూ ఇంజనీరింగ్ పేరుతోనే చేశారు. అయితే ఆ తొడుగు ప్రయోజనాలను వరుసగా రాసి ఉంటే, వానను ఆపడం, వేడిని నిలపడం, చూపుకు బాగుండటంతో పాటు మంటను వ్యాపించనీయకపోవడం అన్నది విడిచిపెట్టడానికి వీల్లేని ప్రయోజనంగా జాబితాలో ఉండేది, ఆ పలక మొదటి వడపోతలోనే పోయేది. ప్రయోజనాల విశ్లేషణ లేకుండా చేసే కోతకు ఈ విద్య పేరు పెట్టడం ఆ విద్యకూ, ప్రజలకూ చేసే ద్రోహం. ప్రయోజనాన్ని తగ్గించి ఖర్చు తగ్గించే ప్రతిపాదన ఏదైనా సరే దాన్ని పనిపరిధి తగ్గింపు అనే స్పష్టంగా నమోదు చేసి, వేరే అధికారి ముందు వేరే ఫైలుగా పెట్టాలి.

టెండరు తర్వాత ధర తగ్గించే ప్రయత్నాలకూ దీనికీ కూడా సంబంధం లేదు. అంచనా విలువకు ఇంత శాతం 'లెస్' వేశారని సంతోషించడం, లేదా 2019లో ఆంధ్రప్రదేశ్ చేపట్టిన రివర్స్ టెండరింగ్ వంటి పద్ధతులతో పోటీ పెంచడం, నిర్ణయమైపోయిన రూపకల్పనకు ఎంత చెల్లించాలన్న విషయానికే పరిమితం. అక్కరలేని గోడకు 10 శాతం తక్కువ చెల్లించినా మిగతా 90 శాతం వృథాయే. పైగా నిర్మాణపు మొత్తం ఖర్చులో అధికభాగం తొలి నిర్ణయాల్లోనే, అంటే స్థలం, మార్గం, మట్టం, నిర్మాణ రకం తేలినప్పుడే, స్థిరపడిపోతుందని ఈ రంగంలో పనిచేసినవారందరికీ తెలుసు.

కాంట్రాక్టు పత్రాల విషయం కొంత సున్నితమైనది. 2004లో మొదలైన జలయజ్ఞంలో చాలా పనులు ఈపీసీ పద్ధతిలో, అంటే సర్వే, రూపకల్పన, నిర్మాణం అన్నీ ఒకే కాంట్రాక్టరు ఒకే మొత్తానికి చేసే పద్ధతిలో జరిగాయి. ఆ పద్ధతిలో కాంట్రాక్టరు తెలివైన రూపకల్పనతో ఖర్చు తగ్గిస్తే, విడిగా నిబంధన లేనప్పుడు ఆదా అంతా అతనిదే. కనిపించని చోట నాణ్యత తగ్గించి మిగిల్చినా అతనిదే. ఈ రెండింటినీ వేరుచేయగలిగేది ఆదాను పంచుకునే నిబంధన మాత్రమే. అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య ఫిడిక్ 1999లో ప్రచురించిన కాంట్రాక్టు నిబంధనలలో 13.2 సంఖ్య గల నిబంధన, కాంట్రాక్టరు తన ఖర్చుతో ప్రతిపాదన సిద్ధం చేయాలని, అది ఆమోదం పొందితే, కాంట్రాక్టు విలువలో వచ్చిన తగ్గుదల నుంచి, నాణ్యతలోనో, మన్నికలోనో, నిర్వహణ సామర్థ్యంలోనో యజమానికి జరిగిన నష్టాన్ని తీసివేయగా మిగిలినదానిలో సగం కాంట్రాక్టరుకు చెందాలని చెబుతుంది. మన్నికలో నష్టాన్ని తీసివేసే ఆ చిన్న వాక్యమే ఆ నిబంధనకు ప్రాణం. అమెరికా ప్రభుత్వ నిర్మాణ కాంట్రాక్టుల్లో, ధర స్థిరంగా ఉన్న పనులకు, ఆదాలో ప్రభుత్వం వాటా 45 శాతం, కాంట్రాక్టరుది 55 శాతం. వాటా ఎంతన్నది రెండు రాష్ట్రాలు తమ పరిస్థితిని బట్టి తేల్చుకోవచ్చు. నిబంధనే లేకపోవడం మాత్రం, మంచి ఆలోచన ఉన్న కాంట్రాక్టరును మౌనంగా ఉండమని చెప్పడంతో సమానం. 2012 నాటి అమెరికా చట్టం రూపకల్పన, నిర్మాణం ఒకరికే ఇచ్చిన రహదారి పనులను ఈ అధ్యయనం నుంచి మినహాయించింది. ఆ మినహాయింపును ఇక్కడ అనుసరించడం పొరపాటవుతుంది. ఈపీసీ టెండరులో ప్రాథమిక పరామితులు, అంటే మట్టాలు, ప్రవాహం, మార్గం, ప్రభుత్వమే నిర్ణయించి ఇస్తుంది గనుక, టెండరుకు ముందే ఆ పరామితుల మీద అధ్యయనం జరిగి తీరాలి.

పెద్ద పనులకే ఇది తగునన్న అభిప్రాయం కూడా సరికాదు. పాఠశాల గదికో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో తయారైన టైప్ డిజైన్ వేల చోట్ల పునరావృతమవుతుంది; ఒక గదిలో మిగిలేది స్వల్పమైనా మొత్తం మీద అది ఒక వంతెన ఖర్చుకు దీటు రావచ్చు. ఆదా కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది: ఎర్రనేలలో గట్టిగా నిలిచే పునాది, గుంటూరులోనో ఆదిలాబాదులోనో నల్లరేగడిలో అదే లోతున వేస్తే, వేసవిలో నేల బీటలు వారి, వానకు ఉబ్బి, రెండు మూడేళ్లకే గోడలు పగులుతాయి. ఉబ్బే నేలల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన, అడుగున గంటలా వెడల్పయ్యే అండర్-రీమ్డ్ పైల్ పునాదులు, రుతువులతో కదిలే మట్టిపొరను దాటి దాదాపు మూడున్నర మీటర్ల లోతున కాలూనుతాయి. లోతైన గోతులు తవ్వి, మట్టి మార్చి, రాతి కట్టుబడితో నింపే పద్ధతికంటే అవి చాలా చోట్ల చవక కూడా. టైప్ డిజైన్‌కు ఒకసారి ఒక వారం కేటాయించి, నేల రకాన్ని బట్టి రెండు మూడు పునాది ప్రత్యామ్నాయాలు స్థిరపరిస్తే, ఆ వారం ఫలం ప్రతి జిల్లాలోనూ కనిపిస్తుంది.

ఇన్ని మేళ్లున్న పద్ధతి అలవాటు కాకపోవడానికి ఇంజనీర్ల అజ్ఞానం కారణం కాదు, భయం కారణం. ఆమోదం పొందిన రూపకల్పనను మార్చిన అధికారి, ఆ మార్పు మంచిదే అయినా, ఆడిట్ అభ్యంతరానికీ విజిలెన్స్ విచారణకూ జవాబు చెప్పుకోవలసి వస్తుంది. మార్చనివాడిని ఎవరూ అడగరు. ఈ భయం న్యాయమైనదే, ఎందుకంటే మార్పుల పేరుతో జరిగిన అక్రమాలు కూడా ఉన్నాయి. అందుకు మందు, మార్పులను ఆపడం కాదు, మార్పుకు ముందు జరిగిన ఆలోచనను కాగితం మీద నిలపడం. ఏ ప్రత్యామ్నాయాలు పరిశీలించారు, దేన్ని ఏ కారణంతో తోసిపుచ్చారు, జీవితకాలపు ఖర్చు ఏ అంకెలతో కట్టారు, గదిలో ఎవరెవరు ఉన్నారు అన్నది సంతకాలతో ఫైలులో ఉంటే, పదేళ్ల తర్వాత వచ్చిన ఆడిటరుకు నిర్ణయం తప్పుగా తోచినా, దాని వెనుక ఉన్న చిత్తశుద్ధి కనిపిస్తుంది. డీపీఆర్ తయారుచేసే కన్సల్టెంట్ల ఫీజు ప్రాజెక్టు విలువలో శాతంగా ఉన్న చోట్ల, ఖర్చు తగ్గించే ఆలోచన వారి ఆదాయాన్నే తగ్గిస్తుంది కనుక, అధ్యయన బృందం వారిది కాకూడదు, అంచనా వేసిన డివిజనుదీ కాకూడదు. మరో సర్కిల్‌కు చెందిన ఎస్ఈ, భూగర్భ శాస్త్రవేత్త, నిర్వహణలో ఏళ్లు గడిపిన ఈఈ, విద్యుత్తు ఇంజనీరు, ఒక ఎన్‌ఐటీ ఆచార్యుడు ఉంటే చాలు. నిర్వహణలో పనిచేసినవారికి పెద్దపీట వేయాలి. గేటు ఎక్కడ బిగుసుకుంటుందో, పూడిక ఎక్కడ చేరుతుందో, ఏ పంపుకు విడిభాగాలు దొరకవో వారికి తెలిసినట్టు డిజైన్ చేసేవారికి తెలియదు.

తమను కోరేది ఇది. 100 కోట్ల రూపాయలు దాటిన ప్రతి పనికీ, పునరావృతమయ్యే ప్రతి టైప్ డిజైన్‌కూ, డీపీఆర్ అందిన తర్వాత, సాంకేతిక మంజూరుకు ముందు, స్వతంత్ర బృందంతో అయిదు రోజుల వాల్యూ ఇంజనీరింగ్ అధ్యయనాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు కోసం ప్రభుత్వానికి ప్రతిపాదన పంపాలి. ఎత్తిపోతల పథకాలన్నిటికీ 30 ఏళ్ల విద్యుత్ ఖర్చును అంచనాలో భాగంగా, మూలధనం పక్కనే, చూపించాలి. టెండరు నమూనా పత్రాల్లో ఆదాను పంచుకునే నిబంధనను, మన్నికలో నష్టాన్ని తీసివేసే వాక్యంతో సహా, చేర్చాలి. అధ్యయన నివేదికల సారాంశాన్ని తెలుగులో ప్రచురించి, సాగునీటి పనులైతే ఆయా నీటి వినియోగదారుల సంఘాలకు ముందే అందజేసి, వారి అభ్యంతరాలు విన్న తర్వాతే మంజూరు ఇవ్వాలి. దీనికి కొత్త శాఖ అక్కరలేదు. రెండు రాష్ట్రాల డిజైన్ల విభాగాల్లో కొందరికి శిక్షణ ఇప్పిస్తే సరిపోతుంది.

మొదటి అధ్యయనానికి, ఇప్పుడు డీపీఆర్ దశలో ఉన్న ఎత్తిపోతల పథకాల్లో ఒకదాన్ని ఎంచుకుని, దాని ఫలితాన్ని, అనుకూలమైనా కాకపోయినా, వచ్చే ఎస్సెస్సార్ వెలువడేలోగా బయటపెట్టవలసిందిగా విన్నపం.